జిన్ను మిషను వస్తే పని తగ్గాలి కదా, మరి బానిసత్వం ఎందుకు పెరిగింది?

ముందు మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తా. మీ అమ్మాయి టెక్సాస్‌లో ఎనిమిదో క్లాసు. బుక్కులో కాటన్ జిన్ (పత్తిలోంచి గింజ తీసే మిషను) ఒక చాప్టరు, ఇండియన్ రిమూవల్ (నేటివ్ అమెరికన్లని వాళ్ళ నేల నుంచి పడమటికి తరిమేయడం) ఇంకో చాప్టరు, ఉత్తరాన మసాచుసెట్స్‌లోని లోవెల్ ఊరి బట్టల మిల్లులు మరో చాప్టరు. ఈ మూడింటికీ సంబంధం చూపిస్తూ ఎస్సే రాయమన్నారు. పాప వచ్చి "మిషనొస్తే పని తగ్గాలి కదా నాన్నా, బానిసలు ఎందుకు పెరిగారు?" అని అడిగితే మీ దగ్గర జవాబు లేదు. మంచి ప్రశ్నండీ, నా క్లాసులో ఏడాదికి ఇద్దరో ముగ్గురో పిల్లలే ఇలా అడుగుతారు, మిగతావాళ్ళు డేట్లు బట్టీ పట్టి వెళ్ళిపోతారు.

నేను జార్జియాలో మిడిల్ స్కూల్లో పద్నాలుగేళ్ళుగా ఇదే సబ్జెక్టు చెప్తున్నా. పుట్టింది గుంటూరు జిల్లాలో, మా నాన్న జిన్నింగ్ మిల్లులో గుమస్తా. అందుకని ఈ టాపిక్ వస్తే కాస్త ఎక్కువే మాట్లాడతా, ఓపిగ్గా చదవండి.

సూటిగా జవాబు: జిన్ను తగ్గించింది పత్తిలోంచి గింజ తీసే పని ఒక్కటే. విత్తడం, కలుపు తీయడం, పత్తి తీత, వీటిలో ఒక్కటి కూడా తగ్గించలేదు. గింజ తీయడం తేలికయ్యేసరికి ఎంత పత్తి పండిస్తే అంత డబ్బు అన్నట్టయింది, దాంతో రెండిటికి కరువొచ్చింది, భూమికి, మనుషులకి. భూమి నేటివ్ అమెరికన్ల దగ్గర లాక్కున్నారు, మనుషుల్ని వర్జీనియా, మేరీలాండ్ వైపు నుంచి కొని దక్షిణానికి తోలుకొచ్చారు, అలా పండిన పత్తిలో పెద్ద భాగం ఇంగ్లండ్‌కి, కొంత లోవెల్ లాంటి ఊళ్ళ మిల్లులకి వెళ్ళింది. మూడు చాప్టర్లూ ఒకే దారం.

మా నాన్న ఒక మాట అనేవాడు, జిన్ను నడపడానికి పదిమంది చాలురా, తీతకే మనుషులు దొరకరు అని. ఇప్పటికీ మన గుంటూరు, ఆదిలాబాద్ వైపు చూడండి, మిల్లులో అన్నీ కరెంటు మిషన్లే కానీ చేలో పత్తి చేత్తోనే తీస్తారు, సీజన్‌లో కూలీల కోసం రైతు పక్క ఊళ్ళకి ఆటోలు పంపిస్తాడు. అమెరికాలో కూడా పత్తి తీసే మిషను పొలాల్లోకి గట్టిగా వచ్చింది 20వ శతాబ్దం సగం గడిచాకే. అంటే 1793లో ఈ జిన్ను వచ్చాక కూడా నూటయాభై ఏళ్ళ పాటు తీత మనుషుల వేళ్ళ మీదే నడిచింది. ఈ ఒక్క విషయం పాపకి పట్టుబడితే మిగతాదంతా దానంతటదే వచ్చేస్తుంది.

ఇక జిన్ను సంగతి. 1793లో ఈలై విట్నీ అనే కుర్రాడు, యేల్ కాలేజీలో చదువైపోయి, జార్జియాలో సవానా దగ్గర మల్బరీ గ్రోవ్ అనే ప్లాంటేషన్‌లో ఉన్నప్పుడు చేశాడు దాన్ని, 1794 మార్చిలో పేటెంట్ వచ్చింది. అంతకుముందు జిన్ను అనేదే లేదని అనుకోవద్దు. రెండు రోలర్ల మధ్య పత్తి నలిపి గింజ బయటికి తోసే చర్ఖాలు మన దగ్గర వందల ఏళ్ళ నుంచీ ఉన్నాయి. అమెరికా తీరంలోని దీవుల్లో పండే సీ ఐలాండ్ పత్తికి అది సరిపోయేది కూడా, ఎందుకంటే దాని గింజ నల్లగా నున్నగా ఉండి జారిపోతుంది. కానీ ఆ రకం తీరం దాటి లోపల పండదు. లోపలి నేలల్లో పండేది పొట్టి పింజ రకం, ఆకుపచ్చ గింజ, దూది గింజకి అతుక్కుని వదలదు. దాన్ని చేత్తో వలిస్తే ఒక మనిషి రోజంతా కూర్చుని ఒక పౌండు దూది తీస్తే గొప్ప. విట్నీ మిషన్‌లో తీగ పళ్ళున్న డ్రమ్ము తిరుగుతూ సన్నటి సందుల్లోంచి దూదిని లాగుతుంది, గింజ ఆ సందులో పట్టదు కాబట్టి ఇవతలే ఉండిపోతుంది, ఇంకో బ్రష్షు ఆ దూదిని దులుపుతుంది. చేత్తో తిప్పే చిన్న మిషన్‌తోనే రోజుకి 50 పౌండ్లు.

నేను ప్రతి ఏడాదీ క్లాసులో గింజ ఉన్న పత్తి కాయలు తెచ్చి పిల్లలకి తలా రెండు ఇచ్చి టైము పెడతా. మొదటి ఐదు నిమిషాలు నవ్వులు, పదిహేను నిమిషాలకి గొణుగుడు, పీరియడ్ అయ్యేసరికి పాతిక మంది కలిసి తీసిన దూది నా రెండు దోసిళ్ళు నిండదు. ఒకసారి ఒక అబ్బాయి "ఇలా అయితే ఎవడైనా మిషను కనిపెడతాడు టీచర్" అన్నాడు. నిజమే, 1796లోనే అగస్టాలో హాడ్జెన్ హోమ్స్ అనే ఆయన రంపం పళ్ళ జిన్నుకి వేరే పేటెంట్ తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లో నూలు మిల్లులు అప్పటికే ఆవురావురుమంటున్నాయి, కాబట్టి విట్నీ ఒక్కడే చరిత్ర మార్చేశాడని రాయొద్దని చెప్పండి, అతను చేయకపోతే ఇంకో రెండేళ్ళకి ఇంకొకడు చేసేవాడు. పాపం విట్నీకి జిన్ను మీద పెద్దగా మిగిలింది కూడా లేదు. ఆయన, భాగస్వామి మిల్లర్ కలిసి రైతుల దగ్గర ఐదింట రెండొంతుల పత్తి కూలిగా అడిగారు, రైతులు ఒళ్ళుమండి ఊరి కమ్మరి చేత కాపీ కొట్టించుకున్నారు, పేటెంట్ గొడవలతోనే ఏళ్ళు గడిచిపోయాయి.

లెక్కలు చూడండి. 1790లో అమెరికా మొత్తం పత్తి మూడు వేల బేళ్ళు ఉంటుందేమో. 1860కి దాదాపు 40 లక్షల బేళ్ళు. అదే 1790 సెన్సస్‌లో బానిసలు సుమారు 7 లక్షలు, 1860 సెన్సస్‌లో 39.5 లక్షలు. పాప ఎస్సేలో ఈ రెండు జతలూ పక్కపక్కన పెడితే టీచర్ కళ్ళు అక్కడే ఆగుతాయి.

ఇక్కడ తెలివైన పిల్లలు ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. 1808 నుంచి బయట దేశాల నుంచి బానిసల్ని తేవడం నిషేధం కదా, మరి సంఖ్య ఎలా పెరిగింది అని. దొంగతనంగా తెచ్చింది కొంత, కానీ ప్రధానంగా పెరిగింది అక్కడే పుట్టిన పిల్లలతో. తల్లి బానిస అయితే బిడ్డ బానిసే, చట్టం అది. వర్జీనియాలో పొగాకు వేసి వేసి నేల నీరసించింది, అక్కడి యజమానులకి మనుషులు ఎక్కువ, పని తక్కువ. కింద అలబామా, మిసిసిపీ వైపు పత్తికి మనుషులు కావాలి. దాంతో దేశం లోపలే ఒక పెద్ద వ్యాపారం లేచింది. 1790 నుంచి 1860 లోపు సుమారు పది లక్షల మందిని పాత రాష్ట్రాల నుంచి కొత్త పత్తి నేలలకి తరలించారని చరిత్రకారుల అంచనా. అలెగ్జాండ్రియాలో ఫ్రాంక్లిన్ అండ్ ఆర్మ్‌ఫీల్డ్ అని కంపెనీయే ఉండేది, మగవాళ్ళని జతలుగా సంకెళ్ళు వేసి వందల మైళ్ళు నడిపించుకుంటూ మిసిసిపీలో నాచెజ్ సంతకి చేర్చేవాళ్ళు. భార్య ఒక చోట, భర్త ఒక చోట, పిల్లలు ఇంకో చోట. క్లాసులో ఈ భాగం చెప్పేటప్పుడు నేను గొంతు పెంచను, తగ్గించను, ఊరికే అమ్మకం పత్రంలో పేర్లు, వయసులు, ధరలు చదువుతా. "ఆరేళ్ళు" అని వచ్చినప్పుడు క్లాసు దానంతటదే నిశ్శబ్దం అయిపోతుంది.

ఇంకోటి, ఆ మనుషుల్ని తాకట్టు పెట్టి బ్యాంకుల్లో అప్పులు తెచ్చేవాళ్ళు. పొలం తాకట్టు పెట్టినట్టే. ఆ అప్పుల మీద లూసియానాలో బాండ్లు అమ్మితే వాటిని లండన్‌లో కొనేవాళ్ళు. అంటే లండన్‌లో చలి కాచుకుంటూ కూర్చున్న పెద్దమనిషి, తన దేశంలో బానిసత్వం తప్పు అని ఉపన్యాసం విని వచ్చి, ఆ బాండు మీద వడ్డీ తినొచ్చు.

తీత దగ్గర ఏం జరిగేదంటే, సాయంత్రం ప్రతి మనిషి బుట్ట తూకం వేసేవాళ్ళు, నిన్నటికన్నా తగ్గితే కొరడా. 1800ల మొదటికీ 1860కీ ఒక మనిషి రోజుకి తీసే పత్తి చాలా రెట్లు పెరిగింది, అది కొరడా వల్లనా, లేక కొత్త విత్తనం వల్లనా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటారు. మెక్సికో నుంచి వచ్చిన విత్తనంతో తయారైన పెటిట్ గల్ఫ్ రకం కాయ పెద్దగా విచ్చుకుని తీయడానికి తేలిగ్గా ఉండేది, అది నిజం. నన్నడిగితే రెండూ నిజమే. మంచి విత్తనం వస్తే మన దగ్గర కూలీ కాస్త ముందే ఇంటికెళ్తుంది, అక్కడ తూకం టార్గెట్ పెరిగేది, తేడా అంతే.

సరే, భూమి దగ్గరికి వద్దాం. ఇక్కడే బుక్కులు కొంచెం తప్పుదోవ పట్టిస్తాయని నా ఫిర్యాదు. ఇండియన్ రిమూవల్ అనగానే చెరోకీలు అనే ఒక నేటివ్ అమెరికన్ ప్రజ, వాళ్ళని పడమటికి తోలిన ట్రెయిల్ ఆఫ్ టియర్స్ (కన్నీటి దారి), అంతటితో చాప్టర్ అయిపోతుంది. చెరోకీల కథ ముఖ్యమే, కానీ వాళ్ళ జార్జియా భూమి చాలావరకు కొండలు, అక్కడ జనాన్ని పిచ్చెక్కించింది పత్తి కన్నా బంగారం, 1828, 29 ప్రాంతంలో డాలోనెగా దగ్గర దొరికింది. అసలైన పత్తి నేల క్రీక్, చోక్టా, చికసా ప్రజలది. అలబామా నడుమ ఒక పట్టీలా నల్లటి నేల ఉంది, బ్లాక్ బెల్ట్ అంటారు, మన నల్లరేగడి చూసినవాళ్ళకి వేరే వివరించక్కర్లేదు. చోక్టాల చేతిలో మిసిసిపీ డెల్టా నేలలు ఉన్నాయి. ఎస్సేలో పత్తికి, రిమూవల్‌కి లింకు చూపించాలంటే ఈ పేర్లు తప్పక రావాలి.

మొదటి పెద్ద దెబ్బ 1814. క్రీకుల్లో రెడ్ స్టిక్స్ అనే వర్గం మీద ఆండ్రూ జాక్సన్ యుద్ధం చేసి మార్చి 27న హార్స్‌షూ బెండ్ దగ్గర ఎనిమిది వందల మంది దాకా చంపాడు. ఆగస్టులో ఫోర్ట్ జాక్సన్ ఒప్పందం, 2.3 కోట్ల ఎకరాలు పోయాయి. ఇందులో పిల్లలకి నేను నొక్కి చెప్పేది ఏంటంటే, జాక్సన్ పక్షాన నిలబడి యుద్ధం చేసిన క్రీకుల భూములు కూడా ఆ ఒప్పందంలోనే లాగేశారు. ఆ తర్వాత "అలబామా ఫీవర్" అని, జనం బండ్లు కట్టుకుని ఎగబడ్డారు. 1820లో అలబామా జనాభా 1.28 లక్షలు, 1830కి 3 లక్షలు దాటింది. భూమి తీసుకున్న జనరల్ జాక్సన్ గారు, ఆయన స్నేహితులు కూడా ఉత్తర అలబామాలో స్థలాలు కొన్నారు, ఆయన టెనెసీలో స్వయానా పత్తి ప్లాంటరు, అంటే బానిసల చేత పత్తి పండించే పెద్ద భూస్వామి.

ఆయనే ప్రెసిడెంట్ అయ్యాక 1830 మే 28న ఇండియన్ రిమూవల్ యాక్ట్ మీద సంతకం చేశాడు. దేశమంతా ఒక్కమాట మీద ఉందనుకోకండి, హౌస్‌లో (ప్రతినిధుల సభలో) 102కి 97, అంతే తేడా. అదే ఏడాది సెప్టెంబర్‌లో చోక్టాల చేత డాన్సింగ్ ర్యాబిట్ క్రీక్ ఒప్పందం, సుమారు 1.1 కోట్ల ఎకరాలు. 1831 చలికాలంలో వాళ్ళు మంచులో నడిచారు. వాళ్ళ వెనకే క్రీకులు, చికసాలు. ఖాళీ అయిన నేలని వేలం వేస్తే కొన్నవాళ్ళు వర్జీనియా నుంచి మనుషుల్ని తెచ్చుకున్నారు. ఒకే దారుల మీద ఒక ప్రజ పడమటికి తోలబడుతోంది, ఇంకో ప్రజ దక్షిణానికి తోలబడుతోంది, ఆ రెండూ ఒకే పదేళ్ళలో.

చెరోకీల గురించి కూడా కొంచెం, ఎందుకంటే వాళ్ళ రాజధాని న్యూ ఎకోటా మా ఊరి నుంచి రెండు గంటల డ్రైవ్, ప్రతి ఏడాదీ పిల్లల్ని తీసుకెళ్తా. సెకోయా అనే ఆయనకి ఇంగ్లీషు చదవడం రాయడం రాదు, అయినా 1821కల్లా చెరోకీ భాషకి లిపి కట్టాడు, సుమారు 85 అక్షరాలు, ఒక్కో గుర్తు ఒక్కో పూర్తి శబ్దం. క, కి, కు లాగా అనుకోండి, కాకపోతే మన గుణింతాల్లా కొమ్ములు, గుడులు పెట్టే పద్ధతి కాదు, ప్రతిదానికీ వేరే బొమ్మే. నా క్లాసులో తెలుగు పిల్లలుంటే ఇది ఠక్కున అందుకుంటారు, ఇంగ్లీషు పిల్లలకి కాస్త టైము పడుతుంది. 1827లో రాజ్యాంగం రాసుకున్నారు, 1828లో సొంత న్యూస్‌పేపర్, చెరోకీ ఫీనిక్స్. "నాగరికత నేర్చుకోండి, వదిలేస్తాం" అన్నారు, నేర్చుకున్నారు, అయినా వదల్లేదు. 1832లో సుప్రీంకోర్టు వూస్టర్ కేసులో జార్జియా చట్టాలు వాళ్ళ నేల మీద చెల్లవంది, జార్జియా మాత్రం అదే ఏడాది ఆ భూములని తెల్లవాళ్ళకి పంచడానికి లాటరీ తీసింది. 1835లో చెరోకీల్లో చిన్న గుంపు ఒకటి న్యూ ఎకోటాలో, నేల వదిలి పడమటికి పోతామనే ఒప్పందం మీద సంతకం పెట్టింది, ప్రధాన నాయకుడు జాన్ రాస్ ఒప్పుకోలేదు, వేలమంది సంతకాలతో పిటిషన్ పంపారు, సెనేట్‌లో మాత్రం ఒక్క ఓటు తేడాతో పాసైంది. 1838లో సైన్యం వచ్చి పదహారు వేల మందిని కదిలించింది, దాదాపు నాలుగు వేల మంది చనిపోయారని ఎక్కువమంది చెప్పే అంచనా.

ఇక్కడ పాప తప్పు చేయకూడని చోటు ఒకటుంది: చెరోకీల్లో కలవాళ్ళు కూడా బానిసల్ని పెట్టుకున్నారు, 1835 లెక్కల్లో వెయ్యిన్నర పైనే. ఆ బానిసలు కూడా ఆ దారిలో నడిచారు. మంచివాళ్ళు ఒకవైపు, చెడ్డవాళ్ళు ఒకవైపు అని గీత గీస్తే ఈ కథ అందులో ఇమడదు.

ఇప్పుడు ఉత్తరం. బుక్కులో దక్షిణం అంటే బానిసత్వం, ఉత్తరం అంటే ఫ్యాక్టరీ, రెండూ ఎదురెదురు అన్నట్టు బొమ్మ వేస్తారు. కానీ ఆ ఫ్యాక్టరీ ఏం తినేది? పత్తే. 1790లో శామ్యూల్ స్లేటర్ అనే ఇంగ్లీషాయన అక్కడి మిషన్ల డిజైన్ బుర్రలో పెట్టుకొచ్చి రోడ్ ఐలాండ్‌లో పాటకెట్ దగ్గర నూలు వడికించాడు, మొదటి పనివాళ్ళు చిన్న పిల్లలు. తర్వాత ఫ్రాన్సిస్ క్యాబట్ లోవెల్ ఇంగ్లండ్ మిల్లులు చూసొచ్చి 1814కల్లా వాల్తామ్‌లో పత్తి ఒక తలుపులోంచి వెళ్తే బట్ట ఇంకో తలుపులోంచి వచ్చేలా, వడకడం నేయడం ఒకే కప్పు కింద పెట్టాడు. ఆయన 1817లో పోయాడు, ఆయన పేరుతో మెరిమాక్ నది మీద కట్టిన ఊళ్ళో మొదటి మిల్లు 1823లో నడిచింది.

అక్కడ పనిచేసింది ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. కంపెనీ హాస్టళ్ళు, గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, వారానికి 70 గంటలు పైనే పని. నేను ఒక సమ్మర్‌లో లోవెల్ వెళ్ళా, బూట్ మిల్లు మ్యూజియంలో పాత మగ్గాలు నిజంగానే నడిపిస్తారు, లోపలికి వెళ్ళేటప్పుడు చెవుల్లో పెట్టుకోమని ఇస్తారు. అందులో కొన్నే నడుస్తున్నాయి, అయినా పక్కన మనిషి అరిచినా వినపడలేదు. 1834లో కూలి కోస్తే సుమారు 800 మంది బయటికొచ్చారు, 1836లో హాస్టల్ ఖర్చు పెంచితే మళ్ళీ. మేం స్వతంత్రుల కూతుళ్ళం, మమ్మల్ని బానిసల్లా చూడనివ్వం అనేదే వాళ్ళ వాదన. 1845 ప్రాంతంలో సారా బాగ్లీ నాయకత్వంలో పది గంటల పని కోసం పిటిషన్లు పెట్టారు. ఆ అమ్మాయిల్లో చాలామంది బానిసత్వ వ్యతిరేక పిటిషన్ల మీద కూడా సంతకాలు పెట్టారు, కానీ పొద్దున లేస్తే చేతిలో ఉండేది అలబామా పత్తే.

పైగా తిరుగు బట్ట సంగతి చాలామందికి తెలియదు. లోవెల్, రోడ్ ఐలాండ్ మిల్లులు నేసిన ముతక బట్టలో కొంత తిరిగి దక్షిణానికే వెళ్ళేది, బానిసలకి ఏడాదికోసారి ఇచ్చే బట్టలకి. "లోవెల్" అంటే ఊరు అని కాకుండా ఆ ముతక గుడ్డ అనే అర్థంలోనే వాడేవాళ్ళు అక్కడ. అంటే ఒక బానిస స్త్రీ తీసిన పత్తే వేల మైళ్ళు తిరిగి ఆమె ఒంటి మీదకి వచ్చింది. నన్నడిగితే పాప ఎస్సే మొదటి పేరా ఈ గుడ్డతో మొదలుపెట్టమంటాను.

మరి రెండు వైపులా ఒకే పత్తి మీద బతుకుతుంటే కొట్టుకోవడం ఎందుకు? పత్తి నేలని తినేస్తుంది, ప్లాంటర్‌కి ఎప్పుడూ ఇంకా పడమర కావాలి. ఉత్తరాది రైతుకీ అదే పడమర కావాలి, బానిసల్లేని పొలంగా. 1825లో గ్రేట్ లేక్స్ వైపు నుంచి న్యూయార్క్‌కి దారి చేసిన ఈరీ కాలువ పూర్తయ్యాక వాళ్ళ ధాన్యం చవగ్గా న్యూయార్క్ చేరడం మొదలైంది, వాళ్ళూ ఎగబడ్డారు. కొత్త రాష్ట్రం, కొత్త నేల వచ్చిన ప్రతిసారీ అక్కడ బానిసత్వం ఉండాలా వద్దా అని గొడవ, 1820లో మిజోరీ, 1846 మెక్సికో యుద్ధంతో వచ్చిన నేలలు, 1854 కాన్సస్. మీరుండే టెక్సాస్ కూడా ఇందులోదే, మెక్సికో 1829లో బానిసత్వం రద్దు చేసింది, 1836లో టెక్సాస్ రాసుకున్న రాజ్యాంగం బానిసత్వాన్ని కాపాడింది. అక్కడి క్లాసులో ఇది ఎంత వివరంగా చెప్తారో టీచర్‌ని బట్టి ఉంటుంది, పాపని మర్యాదగా అడగమనండి.

చిన్న పిడకల వేట. 1840లో ఈస్టిండియా కంపెనీ పదిమంది అమెరికన్ ప్లాంటర్లని ఇండియాకి రప్పించింది, అమెరికా మీద ఆధారపడకుండా మన రైతుల చేత అలాంటి పత్తి పండిద్దామని, పెద్దగా కుదర్లేదు. 1861లో అక్కడ సివిల్ వార్ (ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య అంతర్యుద్ధం) మొదలై పత్తి ఆగిపోయేసరికి మన పత్తికి ధర లేచింది, కాకినాడ రేవు ఊపందుకుంది ఆ రోజుల్లోనే. మీ పాపకి తాతగారి ఊరు గోదావరి, గుంటూరు వైపైతే ఎస్సే చివర్లో ఒక వాక్యం దానికి వాడుకోవచ్చు, బలవంతంగా మాత్రం దూర్చొద్దు.

రాసేటప్పుడు "జిన్ను వల్లే బానిసత్వం వచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దని చెప్పండి, అప్పటికి నూటయాభై ఏళ్ళకి పైగా ఉంది అది, సౌత్ కరొలైనాలో వరి మీద బ్రహ్మాండంగా నడుస్తోంది. జిన్ను దానికి కొత్త నేల, కొత్త లాభం చూపించింది. నేను పేపర్లు దిద్దేటప్పుడు ఈ తేడా పట్టుకున్నవాళ్ళకే పూర్తి మార్కులు వేస్తా.

అన్నట్టు, క్రాఫ్ట్ షాపుల్లో అలంకరణకి పత్తి కొమ్మలు అమ్ముతారు. నిజం పత్తో కాదో చూసుకుని ఒక కొమ్మ కొని, ఒక కాయ పాపకిచ్చి మీరొకటి తీసుకుని గింజలు వలవండి, ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. ఎంతసేపు పట్టిందో ఇక్కడ రాయండి, నా క్లాసు రికార్డుతో పోలుద్దాం.